వీపు లేని కెమెరా

ఇంటి యజమాని అనబడే ప్రాణికి ఈ కాలంలో మిగిలిన హక్కులు బహు స్వల్పం. టీవీ రిమోటు చేజారి చాలా కాలమైంది. ఏసీ ఎంతలో పెట్టాలో, సెలవులకు ఏ ఊరెళ్లాలో నాకు తెలియజేస్తారు తప్ప నన్నడగరు. అయినా ఒక్క హక్కు మాత్రం ఎవరి కళ్లూ పడకుండా కాపాడుకుంటూ వచ్చాను. శుభకార్యాల్లో కెమెరా పట్టుకుని వెనకాల నిలబడే హక్కు. ఫొటో తీసేవాడు ఫొటోలో ఉండక్కర్లేదు. పొట్ట లోపలికి బిగించక్కర్లేదు, రాని నవ్వు తెచ్చుకోనక్కర్లేదు, పట్టుపంచె జారుతోందేమోనని తడుముకోనక్కర్లేదు. "నేను తీస్తున్నాగా" అంటే చాలు, ఎంతటి చుట్టమైనా నోరు మూసుకోవాల్సిందే. మా ఇంటి ఆల్బములన్నీ తిరగేసినా నేను కనిపించను. ఎంత సుఖంగా బతికానో చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఆ సుఖాన్ని కూలదోసిన వస్తువు పేరు 360 డిగ్రీల కెమెరా. అరచేతిలో ఇమిడే పలక. ముందొక కన్ను, వెనకొక కన్ను. ఒక్కో కన్నూ నూట ఎనభై డిగ్రీలకు పైగానే చూస్తుంది. ఆ రెండు బొమ్మల్నీ అంచులు కలిపి కుట్టేస్తే, నెత్తిమీద ఫ్యానుతో, కాళ్లకింద చాపతో సహా చుట్టూ ఉన్నదంతా ఒక గోళమై కూర్చుంటుంది. ఇంక దీనికి ముందేమిటి, వెనకేమిటి? వెనకే లేనప్పుడు నేనెక్కడ నిలబడాలి? పెద్దలు ఆలోచించాలని నా మనవి.

చుట్టూ చూడాలనే దురద ఇవాళ పుట్టింది కాదు. 1787లో రాబర్ట్ బార్కర్ అనే ఆయన బ్రిటన్‌లో గుండ్రటి చిత్రపటానికి పేటెంటు తీసుకున్నాడు. జనం టిక్కెట్టు కొని, గుండ్రటి భవనం నడుమ నిలబడి, చుట్టూ తిరిగి చూసి, బుద్ధిగా ఇళ్లకు పోయేవారు. దాన్నెవరూ ఇంటికి తెచ్చుకోలేదు. ఒక్క నొక్కుతో చుట్టూరా తీసే కెమెరాని మామూలు సంసారుల చేతిలో మొదట పెట్టింది రికో కంపెనీ, 2013లో, థీటా అన్న పేరుతో. నా కష్టాలకు నాంది ఆ సంవత్సరమే. కాకపోతే అవి హైదరాబాదులో మా కూకట్‌పల్లి దాకా నడిచి రావడానికి కొంత సమయం పట్టింది.

కొనాలన్న తీర్మానం చేసింది మా బావమరిది. డబ్బు మాత్రం నాది. అర లక్ష చుట్టుపక్కల పలికే వస్తువు కదా, అడగాల్సిన మొదటి ప్రశ్న నేనే అడిగాను: "ఫొటోలకా, వీడియోలకా?" రెండిటికీ అని మూడు గొంతులు ఒకేసారి పలికాయి. నిజానికి అక్కడే బేరం చెడింది. ఈ కెమెరాల్లో రెండు కులాలున్నాయి. కదలని బొమ్మలు శుభ్రంగా రావాలంటే థీటా వైపు చూడాలి. 2019లో వచ్చిన జడ్1లో ఒక్కో కంటి వెనకా అంగుళం తరగతి సెన్సరుంది. ఇళ్లమ్మేవాళ్లు, గదులు అద్దెకిచ్చేవాళ్లు దాన్ని ఇష్టపడతారు. కానీ దానికి కార్డు దూర్చుకునే సందు లేదు, బ్యాటరీ మార్చే వీలూ లేదు. ఆ రెండు ముచ్చట్లూ 2022లో థీటా ఎక్స్ వచ్చాక గానీ తీరలేదు. ఇక వీడియోలకు షెన్‌జెన్ నుంచి ఇన్‌స్టా360 వాళ్లు. 2022లో ఎక్స్3, 2024లో ఎక్స్4, 2025లో ఎక్స్5. నేను వాయిదాలు కట్టి ఊపిరి పీల్చుకునే లోపు తర్వాతి నంబరు వచ్చేస్తుంది. ఈ పోటీ చాలదన్నట్టు 2025లోనే డీజేఐ వాళ్లు ఆస్మో 360 అన్నారు, గోప్రో వాళ్లు మ్యాక్స్2 అన్నారు. శామ్‌సంగ్ వాళ్లు అందరికంటే తెలివైనవాళ్లు. 2016లో గేర్ 360 అని కనుగుడ్డు లాంటి కెమెరా ఒకటి తెచ్చి, మరుసటి ఏడు ఇంకొకటి తెచ్చి, ఆపైన ఆ ఊసే ఎత్తడం మానేశారు. నేనూ అలా మానేసే స్థితిలో ఉంటే ఎంత బాగుండేది!

దుకాణంలో కుర్రాడు "8కె సార్" అన్నాడు. మా బావమరిది మొహం వెలిగిపోయింది. "మన టీవీ 4కెనే కదా బావా, దీనిముందు అదెంత?" అన్నాడు. లెక్కల మాస్టారి కొడుకుని, నా రక్తం ఉడికింది. 8కె అంటే అడ్డంగా 7680 చుక్కలు. నిజమే. కానీ ఆ చుక్కలన్నీ నా ముందున్న బొమ్మకి కాదు, చుట్టూ ఉన్న 360 డిగ్రీలకీ పంచాలి. తెరమీద మనం ఒకసారికి చూసేది అందులో నాలుగోవంతు, తొంభై డిగ్రీలు. ఏడువేల ఆరువందల ఎనభైని నాలుగుతో భాగిస్తే 1920. అంటే పాత ఫుల్ హెచ్‌డీ టీవీకి ఉన్నన్ని! దీనికి ముందు తరం 5.7కె అయితే 1440తో సరి. మిగతా మూడొంతుల చుక్కలూ మా వంటింటి తలుపునీ, చెప్పుల స్టాండునీ, పైకప్పునీ అత్యంత శ్రద్ధగా చిత్రించడానికి పోతాయి. కేల సంఖ్య అడగొద్దు, లోపల సెన్సరు ఎంతుందో అడుగు అని చెప్పాను. ఎక్స్4లో అర అంగుళం తరగతి, ఎక్స్5లో అంతకంటే పెద్దది. ట్యూబులైట్ల హాల్లో చీకటి మచ్చలు లేకుండా బొమ్మ రావాలంటే ఆ తేడాయే దిక్కు. నా మాట ముగిసేసరికి బిల్లు అయిపోయింది. ఏ కంపెనీదో చెప్పను. ఆ పెట్టె మీద బొమ్మలో నవ్వుతున్న కుటుంబం మాత్రం మాది కాదు.

కార్తీక మాసంలో మా ఇంట సత్యనారాయణ వ్రతం. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి కళ్లకు హెడ్‌సెట్టు తగిలించుకుని చూస్తే మా హాల్లో మా మధ్యనే చాపమీద కూర్చున్నట్టుంటుందట. "ఎటు తల తిప్పితే అటు కనపడుతుంది నాన్నా" అంది. కన్నబిడ్డ కోరిక, కాదనలేను. సరే, కెమెరాని ఎక్కడ పెట్టాలి? మనుషులు కూర్చుని ఉంటే కూర్చున్నవాళ్ల కంటి ఎత్తులోనే పెట్టాలి. నిలువెత్తులో పెడితే అమ్మాయికి అక్కడ కనిపించేవి మా వంశపు బట్టతలలు మాత్రమే. పెట్టే చోటు హాలు నడిమధ్య కావాలి. గోడవారగా పెడితే చూపులో సగం గోడే మింగేస్తుంది. ఆ నడిమధ్యన అప్పటికే స్వామివారి పీట ఉంది. "నాయనా, పీటకీ నాకూ మధ్య ఆ కర్ర ఏమిటి?" అన్నారు పంతులుగారు. కాస్త జరిపాను. "ఈశాన్యంలో బరువు పెట్టకూడదు" అంది మా వదిన. కెమెరా బరువు రెండు వందల గ్రాముల చిల్లర అని చెప్పినా వినదు. చివరికి దీపపు కుందికీ పూలబుట్టకీ నడుమ చోటు దొరికింది. ఈలోగా మా అత్తగారు పళ్లెం పట్టుకొచ్చారు. కొత్త వస్తువు కదా, పసుపు రాసి బొట్టు పెట్టాలని. పెట్టాల్సిన చోట కన్ను ఉంది. "అటువైపు తిప్పు బాబూ, వెనక పెడతాను" అన్నారు. అటు తిప్పాను. అక్కడా కన్నే. ఆవిడ పాపం కుంకుమ వేలు గాల్లో పెట్టుకుని కాసేపు ఆలోచించి, చివరికి స్టాండు కాలికి పెట్టారు. "ఇదేం వస్తువయ్యా, వీపు లేకుండా!" అన్నారు. ఈ కెమెరా గురించి ఇంతవరకు నేను విన్న సమీక్షలన్నిటిలోకీ సరైనది ఇదే.

వీపు లేకపోవడం అంటే మాటలు కాదు. మామూలు కెమెరాని ఎక్కడైనా వెల్లకిలా పడుకోబెట్టొచ్చు. దీన్ని ఎటు పడుకోబెట్టినా కన్ను నేలని రాసుకుంటుంది. రెండు అద్దాలూ ఉబ్బెత్తుగా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. వంటింటి గ్రానైటు గట్టు మీద ఒక్కసారి పెట్టి తీస్తే చాలు, ఆ గీత జన్మంతా ప్రతి సూర్యోదయం నడుమా మెరుస్తూనే ఉంటుంది. రక్షణ తొడుగులు తొడిగితే దీపాల వెలుగు వాటిలో తిరిగి ప్రతిఫలించి ఒక దీపం రెండవుతుంది. అద్దం పాడైతే ఇంట్లోనే మార్చుకునే సదుపాయం ఎక్స్5కి పెట్టారు. పాతవాటికి ఆ భాగ్యం లేదు. అందుకని దీన్ని గుడ్డసంచిలో వేసుకుని తిరగాలి. తుడవడానికి కళ్లజోడు గుడ్డ వాడాలి. మా అత్తగారి పట్టుచీర కొంగు ఎంత పవిత్రమైనదైనా, జరీ ఉంటుంది.

కెమెరా నిలిచింది. ఇక నేనెక్కడ నిలబడాలి? ఈ విద్యలో ఆరితేరినవాళ్లు కెమెరాని వదిలేసి, గోడచాటుకి పోయి, ఫోన్లోంచి మీట నొక్కుతారట. నేను పడగ్గది తలుపు వెనక్కి వెళ్లి నొక్కాను. ఆ ఫొటో భద్రంగా ఉంది. స్వామివారు, పీటలమీద కూర్చున్న అబ్బాయీ కోడలూ, పంతులుగారు, బంధువులు, పడగ్గది తలుపు, తలుపు కింద సందులోంచి నా కాలివేళ్లు. ఎన్నాళ్లుగానో తప్పించుకుంటూ వచ్చిన మనిషి ఆల్బమ్‌లోకి తొలి ప్రవేశం బొటనవేలితో చేశాడన్నమాట.

గ్రూపు ఫొటోకి మనవాళ్లకి ఒక శాస్త్రం ఉంది. పొడుగువాళ్లు వెనక, పిల్లలు నేలమీద, పెద్దవాళ్లు కుర్చీల్లో, అలిగినవాళ్లు చివర. ఈ కెమెరాకి వరసలు పనికిరావు, అందరూ దానిచుట్టూ గుండ్రంగా నిలబడాలి. "ఎటు చూడాలి?" అని అందరూ అడిగారు. ఎవరికి దగ్గరున్న కంట్లోకి వాళ్లు చూడాలని చెప్పాను. అప్పుడు మా తోడల్లుడుగారు ముందుకొచ్చారు. ఆయన నాకంటే ముందు ఆ ఇంటి అల్లుడు. ఆ సంగతి ఏ సందర్భంలోనూ నన్ను మరిచిపోనివ్వరు. ముఖ్యమైన వస్తువు ఎక్కడుంటే దాని పక్కన నిలబడడం ఆయనకి అలవాటు. కెమెరాకి జానెడు దూరంలో, సరిగ్గా రెండు కళ్లకీ మధ్యనున్న పక్కవైపు, తల ఆనించినట్టు నిలబడ్డారు. నొక్కాను. బొమ్మ వచ్చింది. అందులో ఆయన కుడిచెంప ఉంది, ఎడమచెంప ఉంది, నడుమ ముక్కు లేదు.

ఇందులో కుట్ర లేదు, జ్యామితి ఉంది. రెండు అద్దాలూ ఒకే చోట లేవు, మధ్యలో పలక మందం ఉంది. దూరపు వస్తువుకి ఆ ఎడం లెక్కలోకి రాదు. దగ్గరున్నదాన్ని మాత్రం ఒక్కో అద్దం ఒక్కో కోణంలో చూస్తుంది. మొహం ముందు బొటనవేలు నిలబెట్టి ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చూడండి, వేలు గంతులేస్తుంది. ఆ గంతే కుట్టు దగ్గర మొహాన్ని కోస్తుంది. కనీసం ఒక మీటరు దూరం ఉండాలి, ముఖ్యమైన మనుషులు కుట్టు మీద కాకుండా ఏదో ఒక అద్దానికి ఎదురుగా ఉండాలి. ఇదంతా తోడల్లుడిగారికి కాగితం మీద గీసి మరీ వివరించాను. ఆయన కాగితం వంక చూళ్లేదు. మా వదిన మాత్రం, "అందరికీ ఉన్న ముక్కు ఈయనకే ఎలా పోయిందో మాకు తెలీదనుకోకు" అంది. అప్పట్నుంచి మా రెండు కుటుంబాల మధ్య రాకపోకలు సన్నగిల్లాయి. బంధువుల్లో ఎవర్ని అద్దానికెదురుగా నిలబెట్టాలో, ఎవర్ని కుట్టు మీద నిలబెట్టాలో తేల్చుకోడానికి ఈ కెమెరా ఒక అవకాశం ఇస్తుందని మా ఆవిడ ఆ రాత్రి అంది. నేను ఏమీ అనలేదు.

వీడియో సంగతికొస్తాను. 8కె వీడియో సెకనుకి 200 మెగాబిట్ల దాకా మింగుతుంది. నిమిషానికి ఒకటిన్నర జీబీ, గంటకి తొంభై. వ్రతకథ అయిదు అధ్యాయాలు. పంతులుగారు స్వతహాగా వివరంగా చెప్పే మనిషి. మూడో అధ్యాయంలో సాధువు అనే వర్తకుడు మొక్కు వాయిదా వేసే ఘట్టానికి వచ్చేసరికి కెమెరా ఒళ్లు కాలిపోయి, దానంతటదే కళ్లు మూసింది. విసనకర్రతో విసిరారు మా అత్తగారు. లేచాక కార్డు నిండిందంది. ఇంకోటి వేశాం. కార్డు కూడా ఏదిపడితే అది పనికిరాదు, వీ30 అని రాసి ఉండాలి, సెకనుకి ముప్పై మెగాబైట్లకు తగ్గకుండా రాసుకోగలగాలి. రంగు సీరియల్ లైట్లు వెలుగుతుంటే వీడియోలో నల్లటి చారలు పాకుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెట్టింగుల్లో 60 ఉంటే 50కి మార్చాలి. ఇవన్నీ పెట్టెలో ఇచ్చిన పుస్తకంలో ఉంటాయా అంటే, ఆ పుస్తకం చీమ తలంత అక్షరాల్లో ఉంటుంది. చదవాలంటే కెమెరా కొన్న ఖరీదులో కళ్లజోడు కొనాలి.

అమ్మాయి డల్లాస్‌లో హెడ్‌సెట్టు పెట్టుకుని చూసింది. చూసి ఊరుకుంటే బాగుండేది. మా ఆవిడ పిన్నికూతురు అదే ఊళ్లో ఉంటుంది, ఆవిడకీ తగిలించింది. మామూలు వీడియో అయితే ఆవిడ పూజ చూసేది. దీంట్లో తల తిప్పొచ్చు కదా. తిప్పింది. ఫొటో తీసేవాడి వెనకాల ఏముంటుందో ప్రతి సంసారికీ తెలుసు. పక్కకి తోసిన సోఫాలు, ఇస్త్రీకి మూటగట్టిన బట్టలు, గ్యాసు సిలిండరు, తలుపు మీద ఆరేసిన తువ్వాలు. ఇన్నేళ్లూ నా వీపు వాటికి తెర. ఆవిడ తల ఎత్తి అటక కూడా చూసింది. రెండు నిమిషాల్లో ఫోను. "అక్కా, పూజ చాలా బాగుంది. అటక మీద మూడో అట్టపెట్టె, మన అమ్మాయి పెళ్లికి నేను పెట్టిన డిన్నర్ సెట్టే కదూ? టేపు కూడా విప్పలేదేం?" మా ఆవిడ మాట తడబడింది. సముద్రాల అవతల నుంచి మా అటక సోదా చేసే అధికారం ఎవరిచ్చారు? ఆ అట్టపెట్టె మీద పేరు చదివేంత స్పష్టంగా చిత్రించినందుకు నేను కట్టిన డబ్బే సాక్ష్యం చెబుతోంది.

చెవుల సంగతి ఇంకా ఘోరం. ఈ కెమెరా మైకులు కూడా చుట్టూరా వింటాయి, దగ్గరున్న చప్పుడుకే పెద్దపీట వేస్తాయి. పంతులుగారు నాలుగడుగుల దూరంలో కూర్చున్నారు. కెమెరాకి ఆనుకుని మా చిన్నాడపడుచు అత్తగారు, ఇంకో పెద్దావిడ. కథలో నావ మునుగుతున్న ఘట్టం మీదుగా, "ఈ ఫ్లాటుకి ఇంకా అప్పుందంటగా?" "మరే, కొడుకు కడుతున్నాడంట" అన్న సంభాషణ గంట మోగినంత స్పష్టంగా రికార్డయింది. దాన్ని చెరిపేస్తే మంత్రం పోతుంది, ఉంచితే పరువు పోతుంది.

ఇంతకీ ఆ ఫొటోని వాట్సాప్‌లో కుటుంబ గ్రూపుకి పంపితే ఏమవుతుందో తెలుసా? గోళం కాస్తా రెండింతల వెడల్పున్న బద్దలా వెళ్తుంది. గోళాన్ని పరిచినప్పుడు, ప్రపంచ పటంలో ధ్రువం దగ్గర జరిగినట్టే, నెత్తిమీదున్న ఒక్క బిందువు పై అంచంతా సాగుతుంది. మా ఫ్యాను రెక్కలు ఈ గోడ నుంచి ఆ గోడకి పాకాయి. పీట కింది చాప దిగువన సముద్రమైంది. ఇది గోళం అని చెప్పే గుర్తులు ఫైలు లోపల రాసుంటాయి, వాట్సాప్ బొమ్మని పిండి చిన్నది చేసేటప్పుడు అవీ పోతాయి. డాక్యుమెంటుగా పంపాలి, వీడియో అయితే యూట్యూబ్‌లో పెట్టాలి. యూట్యూబ్ 2015 నుంచే ఈ గోళాల్ని తిప్పి చూపిస్తోంది. ఇది తెలియక మా పెదనాన్నగారబ్బాయి గ్రూపులో, "ఇల్లు పెద్దది కట్టావే తమ్ముడూ, శుభం" అని రాశాడు. దిద్దలేదు.

తీసేటప్పుడు ఎటు తిప్పాలో ఆలోచించక్కర్లేదు, ఇంటికెళ్లాక తీరిగ్గా కావలసిన వైపు కోసుకోవచ్చు అంటారు అమ్మేవాళ్లు. ఆ తీరిక ఎవరిదో చెప్పరు. ఇప్పుడు ప్రతి రాత్రీ భోజనాలయ్యాక నా ఉద్యోగం అదే. అదే వ్రతాన్ని మా కోడలి పుట్టింటివాళ్లకి వాళ్లవైపు తిప్పి ఒక వీడియో, ఆడపడుచుకి ఆమె పిల్లలు కనిపించేట్టు ఒకటి, పంతులుగారికి పంతులుగారిదే ఒకటి. ఒక్కో వీడియో వండడానికి ఫోను కాలిపోతుంది. తోడల్లుడిగారికి మాత్రం ముక్కుతో సహా కనిపించే క్షణం కోసం ఇప్పటికీ వెతుకుతున్నాను.

కెమెరాని తగిలించి చేత్తో పట్టుకునే మాయమయ్యే కర్ర గురించి కూడా చెప్పుకోవాలి. కర్ర సరిగ్గా రెండు అద్దాల మధ్య కుట్టులో పడుతుంది గనక బొమ్మలో కనపడదు. నిజమే. కానీ పట్టుకున్న చెయ్యి కనపడుతుంది. డాబా మీద మనవడితో తీసుకున్న వీడియోలో నేను అకారణంగా పిడికిలి బిగించి ఆకాశానికి ఎత్తి, ఏ పార్టీ జెండా లేకుండా ఊరేగింపుకి పోతున్నట్టున్నాను. కర్ర లేదు గానీ, ఎండలో దాని నీడ మాత్రం నేలమీద నిటారుగా ఉంది.

గూగుల్ వాళ్లు 2022లో మన దేశంలో వీధుల చిత్రాలు తిరిగి మొదలెట్టినప్పుడు తొలి పది నగరాల్లో హైదరాబాదు కూడా ఉంది. ఆ చిత్రాల్లో దారినపోయే దానయ్య మొహం కూడా మసక చేస్తారు, బండి నంబరూ మసక చేస్తారు. ముక్కూమొహం తెలియని వీధికి ఇచ్చే ఆ మర్యాద మా హాలుకి, మా అటకకి, తువ్వాలుకి ఎందుకు లేదు? కాబట్టి నా విన్నపాలివి. ప్రతి కెమెరాకీ యజమాని నిలబడేందుకు ఒక చీకటి వైపు వదలాలి. అటక కోణం వచ్చినప్పుడు బొమ్మ దానంతటదే మసకబారాలి. అత్తగార్లు బొట్టు పెట్టుకునేందుకు రూపాయి బిళ్లంత చోటు ఉండాలి. చెవులకి కూడా కుట్టు వేయాలి.

ఇవి నెరవేరేలోగా, పై అంతస్తు రామ్మూర్తిగారింట్లో కోడలికి సీమంతం పెట్టుకున్నారు. ఆయన మొన్న లిఫ్టులో కలిసి, "మీ దగ్గర అదేదో చుట్టూ తీసే కెమెరా ఉందటగా అండీ, ఒక్కపూట ఇవ్వగలరా?" అని మొహమాటంగా అడిగారు. స్టాండు, సంచి, కార్డు, తుడిచే గుడ్డ అన్నీ నేనే పైకెక్కి ఇచ్చొచ్చాను. తిరిగివ్వడానికి తొందరేం లేదని, ఆ తర్వాత బారసాల కూడా ఉంటుంది కదా, అప్పటిదాకా ఉంచుకోమని మరీమరీ చెప్పాను.